ఘాట్‌లో రెండో లైనుకు మేమెందుకు సంతకం పెట్టలేదు



పోయిన దసరాకు హొసపేట ఇంట్లో అందరం కూడినప్పుడు జరిగిన గలాటా మీలో కొందరు కళ్ళారా చూశారు. చూడనివాళ్ళకు ఈపాటికి ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పే ఉంటారు, "రైలుపట్టాల గురించి అన్నదమ్ములు మాటలు మానేశారంట" అని. మాటలేమీ మానలేదు. కానీ ఆ రోజు చెప్పాల్సింది మేము సరిగ్గా చెప్పలేకపోయాం. చిన్నాయన ఎదురుగా కూర్చుని ఉంటే గొంతు పెద్దది చెయ్యలేం కదా. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మేము అంటే ఇంట్లో రైలు పిచ్చి ఉన్న ముగ్గురం. ఇది రాస్తున్న చెయ్యి మాత్రం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే చెయ్యి. ఒకటి నుంచి పదో తరగతి దాకా కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూర్చుని, క్యాలెండర్ మీద వేలు పెట్టి నేర్చుకున్నవే. ఒత్తులు తప్పితే మన్నించండి. విషయం తప్పితే మాత్రం నిలదీయండి.

జరిగింది ఇది. భోజనాలయ్యాక చిన్నాయన కొడుకు, మా తమ్ముడు, ఒక కాగితం తెచ్చాడు. వాడు తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడని మీకు తెలుసు. క్యాసిల్‌రాక్ నుంచి కుళెం దాకా ఘాట్‌లో రెండో రైలు లైను వెంటనే వెయ్యాలని రైల్వేకు రాసిన అర్జీ అది. "అన్నా, రైళ్ళంటే పడి చచ్చేది మీరే కదా, మొదటి సంతకం మీది" అన్నాడు. మేము పెట్టలేదు. వాడు పెన్ను పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడి, "మీకు రైలు ఫోటోలు కావాలంతే, రైలు అక్కర్లేదు" అనేసి బయటికి పోయాడు.

ఆ మాట గుచ్చుకుంది. అందులో సగం నిజం ఉంది కాబట్టే గుచ్చుకుంది.

ఆ లైను మన ఇళ్ళకు కొత్తది కాదు. 1876-78 నాటి ధాత కరువు బళ్ళారి సీమను ఎట్లా ఊడ్చేసిందో పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. మళ్ళీ అట్లాంటిది వస్తే ధాన్యం చేరడానికి దారి ఉండాలనే ఆలోచన సదరన్ మరాఠా రైల్వే పుట్టడానికి ఒక ముఖ్యమైన కారణం. 1880లలో వేసిన ఆ లైను బళ్ళారి, హొసపేట, గదగ్, హుబ్బళ్ళి, లోండాల మీదుగా పడమటికి పోయింది. అటుపక్క పోర్చుగీసువాళ్ళ గోవాలో మార్ముగోవా ఓడరేవు నుంచి ఇంకో కంపెనీ లైను కొండెక్కి వచ్చింది. రెండూ కలిసింది క్యాసిల్‌రాక్ దగ్గర. ఘాట్ లైను 1888లో తెరిచారు. గోవా మన దేశంలో కలిసేదాకా అది సరిహద్దు స్టేషన్. దిగి, సామాను విప్పి చూపించి, మళ్ళీ ఎక్కాల్సిన చోటు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్ళారి, హొసపేట మైసూరులో కలిశాయి. మన ఇల్లు ఉన్నచోటే ఉంది, బడిలో భాష మారింది. రైలు మాత్రం ఎప్పటిలాగే గుంతకల్లు నుంచి చుట్టాలను తెచ్చి దింపుతూనే ఉండింది. తొంభైలలో మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. ఇప్పుడు అమరావతి ఎక్స్‌ప్రెస్ షాలిమార్‌లో బయలుదేరి, విజయవాడ, గుంటూరు, నంద్యాల, గుంతకల్లు దాటి, మన ఊరి మీదుగా ఆ ఘాట్ దిగి వాస్కో చేరుతుంది. తెలుగు మాటలు వినిపించే బోగీ పడమటి కనుమల సొరంగాల్లోంచి పోతుంటే వచ్చే సంతోషం వేరు.

ఆ 26 కిలోమీటర్ల గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మా పిచ్చి మీకు అర్థం కాదు. ఘాట్ వాలు 37కి 1. అంటే 37 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. రోడ్డు మీద ఇది లెక్కలోది కాదు. ఇనప చక్రం ఇనప పట్టా మీద, అదీ వానలో, వేల టన్నుల బొగ్గుతో ఎక్కాలంటే చాలా పెద్ద ఎక్కుడు. అందుకే మార్ముగోవా నుంచి వచ్చే బొగ్గు బండికి ముందు రెండు ఇంజన్లు లాగుతాయి, కుళెంలో వెనక మూడు తగిలిస్తారు. వెనక నుంచి తోసేవాటిని బ్యాంకర్లు అంటారు. బండి కనబడకముందే లోయలోంచి ఆ ఐదింటి గర్జన వినబడుతుంది. మొదటి ఇంజన్ల చప్పుడు దగ్గరికొచ్చి దాటిపోతుంది, తర్వాత వ్యాగన్లు కిర్రుమంటూ చాలాసేపు పోతాయి, మళ్ళీ వెనక ఇంజన్లు వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు మేము అమరావతి కిటికీలో ఉన్నాం. క్రాసింగ్ కోసం మా బండిని ఆపారు. వాన, పొగ, దూధ్‌సాగర్ నీళ్ళ హోరు. పక్క సీటు పెద్దాయన చెవులు మూసుకున్నాడు. మేము తలుపు దగ్గరికి ఉరికాం.

మాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. బెంగళూరు, పుణె, బెళగావి నుంచి వస్తారు. ఇంజన్ నంబరు రాసుకుంటారు, ఏ షెడ్డుదో చూస్తారు. హుబ్బళ్ళి షెడ్డు డబ్ల్యూడీజీ-4 చప్పుడును కళ్ళు మూసుకుని గుర్తుపట్టేవాళ్ళున్నారు. హొసపేట నుంచి తినైఘాట్ మీదుగా వాస్కో దాకా సుమారు 352 కిలోమీటర్ల డబ్లింగ్ 2010-11లో మంజూరైనప్పటి నుంచి మా పని ఇంకా పెరిగింది. ఎక్కడ కట్ట పోశారు, ఏ వాగు మీద గర్డర్ ఎక్కించారు, ఏ స్టేషన్‌లో లూప్ లైను తెరిచారు, అన్నీ రాసుకున్నాం. మైదానంలో ఒక్కో ముక్క తెరిచినప్పుడు సంబరపడ్డాం. గదగ్ దాటాక ఎదురుబండి కోసం ఆగకుండా మన బండి పోతుంటే చప్పట్లు కొట్టింది మేమే. ఆ డబ్లింగ్ మీద మాకు ఏ తగాదా లేదు.

తగాదా ఘాట్ ముక్క మీదే. అక్కడ ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాం, ఎందుకంటే ఆ రోజు ఇంట్లో సగంమందికి ఇది తెలియదు. ఆ లైను గోవా వైపు భగవాన్ మహావీర్ అభయారణ్యం, మొల్లెం నేషనల్ పార్క్ అడవిలోంచి పోతుంది. కర్ణాటక వైపు కాళీ పులుల అడవి. 2019 డిసెంబరులో జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం రెండో లైనుకు ఒప్పుకుంది. గోవాలో జనం లేచారు. 2020 నవంబరు మొదట్లో చాందోర్ దగ్గర రాత్రిపూట పట్టాల మీద కూర్చున్నారు. విషయం సుప్రీంకోర్టుకు పోయింది. కోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ 2021 ఏప్రిల్‌లో ఈ అనుమతి తీసెయ్యాలని చెప్పింది. 2022 మే 9న సుప్రీంకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. అయితే తలుపు పూర్తిగా మూయలేదు. అడవి మీద, వన్యప్రాణుల మీద పడే ప్రభావాన్ని వివరంగా పరిశీలించి, రైల్వే మళ్ళీ అడగవచ్చని చెప్పింది.

తమ్ముడి అర్జీలో ఈ చివరి సంగతి లేదు. "వెంటనే" అనే మాట మాత్రం మూడుసార్లు ఉంది.

వాడి వైపు న్యాయం ఏమిటో ముందు మేమే చెప్తాం. ఒంటి లైను ఘాట్ అంటే ఒక్క చోట తెగితే మొత్తం ఆగిపోవడమే. 2021 జులై 23న దూధ్‌సాగర్, సోనాలిం మధ్య కొండచరియ విరిగి ప్యాసింజర్ బండి పట్టాలు తప్పింది. 2024 ఆగస్టు 9న అక్కడే బొగ్గు గూడ్సు వ్యాగన్లు 17 పడిపోయాయి. అట్లాంటప్పుడు ప్రయాణికుల బండ్లు రద్దవుతాయి, చుట్టూ తిరిగి పోతాయి, లోకో పైలట్లు, గార్డులు గంటలకొద్దీ చిన్న స్టేషన్లలో చిక్కుకుంటారు. ఫ్యాక్టరీకి బొగ్గు రాకపోతే ముందు ఎవరి షిఫ్టు తగ్గుతుంది? పర్మనెంటు ఉద్యోగిది కాదు, వాడిలాంటి కాంట్రాక్టు మనిషిది. వాడింట్లో పొయ్యి ఆ బొగ్గుతోనే మండుతుంది అంటే అందులో అబద్ధం లేదు. మనలో చాలా ఇళ్ళల్లోనూ అంతే.

అయినా సంతకం పెట్టలేదు. కారణాలు మూడు.

మొదటిది మా పనికి సంబంధించింది. ఒక స్క్రీన్ తెరుచుకోవడానికి ఆలస్యమవుతోందని ఫిర్యాదు వస్తే, టెస్టింగ్‌లో మేము వెంటనే ఆ స్క్రీన్‌నే మార్చమని చెప్పం. ఆలస్యం ఎక్కడ పుడుతోందో ముందు కొలుస్తాం. కనబడే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి కావడం మాకు రోజూ అలవాటే. ఘాట్‌లో కూడా అట్లాగే చూడాలి. బొగ్గు బండిని పైకి తోసిన బ్యాంకర్లు మళ్ళీ కిందికి దిగాలి. అవి దిగడానికీ లైను ఖాళీ ఉండాలి. పైనుంచి దిగే బండికి క్యాసిల్‌రాక్‌లో బ్రేకులు పరీక్షించాలి, తర్వాత అది మెల్లగా దిగాలి. ఎక్కే బండి అంతకంటే మెల్లగా ఎక్కుతుంది. రెండో లైను వేస్తే ఎదురుబండి కోసం ఆగే బాధ తగ్గుతుంది, అది ఒప్పుకుంటాం. కానీ కొండ వాలు అదే. ఐదు ఇంజన్లు అవే. వాటి వేగమూ అదే. ఆ కమిటీ కూడా దాదాపు ఇదే మాట చెప్పింది: రైల్వేలో బాగా తక్కువ సామర్థ్యం ఉన్న ముక్కను రెండింతలు చేస్తే లాభం కొంచెమే, పోయే అడవి మాత్రం తిరిగి రాదు.

మరి అడగాల్సిన ప్రశ్నలు? ఎంత బొగ్గు, ఎన్నేళ్ళ దాకా? అంతా ఈ కొండ మీదుగానే రావాలా? 2019లో వెంకటాచలం, ఓబులవారిపల్లె మధ్య వెలిగొండల కింద ఆరు కిలోమీటర్లకు పైన ఉన్న సొరంగంతో కొత్త లైను తెరిచారు. దానివల్ల కృష్ణపట్నం రేవు నుంచి గుంతకల్లు వైపుకు దారి దగ్గరైంది. ఆ దారిలో ఎంత తేవచ్చు, ఎంత ఖర్చు? ఈ లెక్కలు జనం చదివేటట్టు ఒక్కచోట పెట్టాలి. పరీక్ష రాయకుండానే పాసు చెయ్యమంటే మా ఆఫీసులో ఒప్పుకోరు. ఇంట్లో మాత్రం ఎట్లా ఒప్పుకుంటాం?

రెండో కారణం మన ఊరిదే. ఇది తమ్ముడికీ తెలుసు, ఆ రోజు మర్చిపోయాడు. ఇప్పుడు ఘాట్‌లో సరుకు పైకి వస్తోంది. కొన్నేళ్ళ కింద సరుకు కిందికి పోయేది. 2000 తర్వాత చైనాలో ఇనుప ఖనిజానికి గిరాకీ పెరిగి, సండూరు, హొసపేట కొండలు తవ్వి లారీల్లో, రేకుల్లో రేవులకు పంపారు. అప్పుడు ఎక్కడో కూర్చున్నవాళ్ళు ఆ లోడ్లు లెక్కపెట్టి, దేశం బాగుపడుతోందని పేపర్లలో రాసేవాళ్ళు. మన ఇంట్లో అవ్వ తులసికోట కడిగితే ఎర్రనీళ్ళు పారేవి. ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి ఇటుకరంగు. స్కూలుకు పోయే దారిలో లారీల వరుస దాటడానికే అరగంట. 2010లో రాష్ట్రం ఎగుమతి ఆపింది, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకమే ఆపింది. అప్పుడు పనులు పోయినవాళ్ళూ మన వీధిలోనే ఉన్నారు. రెండు బాధలూ చూశాం.

అప్పట్లో అవ్వ అన్న మాట ఒకటుంది. "లెక్క రాసేవాడు ఒక్కరోజు వచ్చి మనింట్లో బట్టలారేస్తే తెలుస్తుంది" అని. ఈరోజు లెక్క రాసేవాళ్ళం మేమే అయ్యాం. చాందోర్ వైపు పట్టాల పక్క ఇళ్ళవాళ్ళు బొగ్గుదుమ్ము గురించి చెప్తుంటే, "వీళ్ళకు అభివృద్ధి అక్కర్లేదు" అనడం మన నోటికి రాకూడదు. ఇంకెవరైనా అంటే అననీ. ఎర్రదుమ్ము తిన్న ఇంటివాళ్ళం మనం అనకూడదు.

మూడోది మా రైలు పిచ్చోళ్ళ గురించే. తమ్ముడు అన్న సగం నిజం ఇదే. మేము ఎక్కువగా సంబరపడతాం, తక్కువగా అడుగుతాం. కొత్త గర్డర్ కనబడితే ఫోటో. దాని కోసం ఏం కొట్టేశారో ఫోటోలో పడదు. దూధ్‌సాగర్ చూడాలని పట్టాల మీద నడిచిపోయేవాళ్ళు ఉన్నారు, అది రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. 2023 జులైలో అట్లా దొరికినవాళ్ళతో పోలీసులు గుంజీళ్ళు తీయించిన వీడియో మీరూ చూసే ఉంటారు. అందరూ నవ్వారు. మాకు సిగ్గేసింది, ఎందుకంటే కాలేజీ రోజుల్లో మేమూ అక్కడ దిగి నడిచినవాళ్ళమే. ఇప్పుడు కిటికీలోంచి, ప్లాట్‌ఫారం మీంచి చూసేది చాలు అనుకున్నాం.

కానీ మా నోటుబుక్కులు పనికిమాలినవి కావు. ఏ బండి ఏ స్టేషన్లో ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, ఏ వానకు ఎక్కడ నీళ్ళు పట్టాల మీదికి వచ్చాయి, బ్యాంకర్లు ఎప్పుడు దిగాయి, ఇవన్నీ ఏళ్ళ తరబడి చేత్తో రాసుకున్నవి. ఘాట్ ఎందుకు ఆలస్యమవుతుందో చెప్పడానికి సాక్ష్యం అందులో ఉంది. ఇంజన్ నంబరు పక్కన ఆగిన కారణం కూడా ఒక్క ముక్క రాయండని తోటి రైలు మిత్రులకు చెప్తున్నాం. రెండో లైను కావాలనేవాళ్ళకూ వద్దనేవాళ్ళకూ అదే పుస్తకం ఉపయోగపడుతుంది.

కొరాపుట్, జయపురం వైపు ఉన్న మన చదువరులు ఇది గోవా గొడవ అనుకోవద్దు. మీ కొత్తవలస-కిరందుల్ లైను కథ కూడా ఇట్లాంటిదే. బైలడిల్ల ఖనిజం విశాఖ రేవుకు దించడానికి 1960లలో కొండలు తొలిచి వేసిన లైను. అక్కడా డబ్లింగ్ నడుస్తోంది, అక్కడా వానాకాలంలో చరియలు పడతాయి. అరకు రైలు అద్దాల బోగీ ఫోటోలు మాకూ పంపుతుంటారు. ఈసారి ఫోటోతోపాటు ఆ లైను పక్కనున్న ఊళ్ళవాళ్ళు ఏమంటున్నారో కూడా రాసి పంపండి. మనం బ్రతుకుతెరువు కోసం రైలు పట్టాల వెంట వచ్చి నిలబడినవాళ్ళం. మనకు చోటిచ్చిన నేల బాగోగులు మనకు పట్టకపోతే ఎట్లా?

మేము "ఎప్పటికీ వద్దు" అనడం లేదు. ఏమేం ఉంటే సంతకం పెడతామో చెప్తాం. కోర్టు చెప్పినట్టు అడవి మీద వివరమైన పరిశీలన జరగాలి, అది కన్నడ, కొంకణి భాషల్లో ఆ ఊళ్ళవాళ్ళ చేతికి అందాలి. సరుకు లెక్కలు, వేరే దారుల లెక్కలు బయటపెట్టాలి. ఈలోపు ఉన్న లైనునే గట్టి చెయ్యాలి: కొండచరియలకు కాపు, నీళ్ళు పోయే కాలువలు, సిబ్బందికి సరైన విశ్రాంతి. రెండో లైను వేసినా అదే కొండ పక్కనే పోతుంది, అదే చరియ రెండింటి మీదా పడొచ్చు కాబట్టి ఈ పని ఎట్లాగూ తప్పదు. ఇవన్నీ అయ్యాక కూడా రెండో లైను అవసరమే అని తేలితే, తమ్ముడి కాగితం మీద మొదటి సంతకం మాదే.

మొన్న ఆదివారం వాడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంతా బాగుంది అన్నా, మా కాంట్రాక్టు మార్చిదాకే. మీ పరిశీలన అప్పటికి అవుతుందా?" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. వాడి బాధ తొందరగా తీరే దారి ఈ కొండ మీద లేదని మాత్రం అన్నాం. కాంట్రాక్టు పనివాళ్ళ గురించి ఫ్యాక్టరీకి ఇంకో అర్జీ రాస్తే దాని మీద ఈరోజే పెడతామని కూడా అన్నాం. నవ్వాడు, ఒప్పుకున్నాడో లేదో తెలీదు.

వచ్చే వానాకాలం అమరావతిలో నలుగురికి టికెట్లు తీస్తున్నాం. కిటికీ సీటు వాడిది. అర్జీ కాగితం కూడా తెమ్మన్నాం. వెనకవైపు ఖాళీగా ఉంది, మా ప్రశ్నలు అక్కడ రాస్తాం.

మీ ఇళ్ళల్లో క్యాసిల్‌రాక్ మీదుగా ప్రయాణం చేసిన పెద్దవాళ్ళు ఉంటే, మీటర్ గేజ్ కాలం టికెట్లు, ఫోటోలు, సరిహద్దులో సామాను విప్పిన కథలు ఉంటే పంపించండి. మా మాటతో ఒప్పుకోనివాళ్ళు మరీ ముఖ్యంగా రాయండి. తమ్ముడి జవాబు వస్తే, ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడే వేస్తాం.